అంగీకారం ఎవరి వంతు?

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ సభ జరుగుతున్నదో ఆ టీచరుగారికి ఒక అలవాటు ఉండేది. గదిలోకి ఎవరు పిల్లవాణ్ణి తీసుకొచ్చినా ముందు ఆ పిల్లవాడి వైపు తిరిగి, "ఏం నాన్నా, బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందా?" అని అడిగేవారు. జవాబు వచ్చేదాకా ఆగేవారు. వాడి బదులు తల్లి చెప్పబోతే చెయ్యి చూపించి ఆపేవారు. ఆ ఎదురుచూపు ఒక్కోసారి నిమిషం దాటేది. ఇవాళ నేను మాట్లాడబోయే చికిత్సలు వచ్చింది అమెరికా, బ్రిటన్ దేశాల నించి. అయినా వాటిని మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి తగినట్టు మలచడమంటే ఏమిటో ఆవిడ గదిలో కూర్చున్నవాళ్ళకి కొంత ముందే తెలుసు.

నా విషయం ఇది. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళకి దిగులు, భయం, పట్టరాని కోపం వచ్చినప్పుడు, అంగీకారం మీద ఆధారపడిన బిహేవియర్ థెరపీలు ఎలా పనికొస్తాయి, పనికి రావాలంటే వాటిలో ఏం మార్చుకోవాలి. బ్రిటన్‌లో లెర్నింగ్ డిజబిలిటీ అనేది వీళ్ళ గురించే. మన దగ్గర ఆ మాట డిస్‌లెక్సియా లాంటి ఇబ్బందులకి వాడుతున్నాం కనక నేను మేధో వైకల్యం అనే అంటాను. 2011 జనగణనలో ఈ కోవలో లెక్కకి వచ్చినవాళ్ళు దేశం మొత్తం మీద 15 లక్షల మంది. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్‌కి చెప్పకుండా దాచిన ఇళ్ళు ఎన్నో ఈ సభలో ఉన్న తల్లిదండ్రులకి తెలియనిది కాదు.

వీళ్ళకి మానసిక చికిత్స అన్న ఆలోచనే చాలాకాలం ఎవరికీ రాలేదు. మైకేల్ బెండర్ అనే బ్రిటిష్ క్లినికల్ సైకాలజిస్టు 1993లో దీని చరిత్ర రాస్తూ, థెరపిస్టు ఎదుట అందరికీ వేసే కుర్చీని వీళ్ళకి మాత్రం వెయ్యలేదన్నారు. వీళ్ళని చికిత్సకి తగనివాళ్ళుగా చూసిన చులకన భావాన్ని ఆయన ఉన్నదున్నట్టు బయటపెట్టారు. అంతకు ముందే, 1982లో, అమెరికాలో స్టీవెన్ రీస్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. తీవ్రమైన భయంతో బాధపడే ఒక వ్యక్తి వివరాలు సైకాలజిస్టులకి ఇచ్చారు. అదే వ్యక్తికి మేధో వైకల్యం ఉందని చేర్చి చెప్పినప్పుడు, ఆ భయాన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించేవారు తగ్గిపోయారు. ఆ వైకల్యం మిగతా అన్నిటినీ కప్పేసింది.

మన ఇళ్ళలో ఈ కప్పేయడానికి ఒకటే మాట ఉంది: "వాడికేం తెలుస్తుందండీ!" తండ్రి పోతే కొడుకుని మేనత్త ఇంటికి పంపేస్తారు. దహనానికి తీసుకెళ్ళరు. పదకొండో రోజు తీసుకొస్తారు. ఇల్లంతా చుట్టాలు, గోడకి దండేసిన ఫోటో. నెల తిరక్కుండానే వాడు చొక్కాలు చింపుతున్నాడని, వీధి గుమ్మం దగ్గరే కూర్చుని లోపలికి రమ్మంటే కొడుతున్నాడని డాక్టరు దగ్గరికి తీసుకొస్తారు. కేస్ షీటులో 'బిహేవియర్ ప్రాబ్లం' అని పడుతుంది, ఒక మాత్ర రాస్తారు. వాడు నాన్న కోసం చూస్తున్నాడని ఎవరికీ తోచదు. లండన్‌లో షీలా హాలిన్స్ బృందం 1997లో, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 50 మంది మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. వాళ్ళలో దిగులు, ఆందోళన, ప్రవర్తనలో ఇబ్బందులు స్పష్టంగా కనిపించాయి. చూసుకునేవాళ్ళు మాత్రం వాటిని ఆ మరణంతో ముడిపెట్టి చూడలేదు. మనవాళ్ళే ఇలా అనుకోనక్కర్లేదు.

చట్టంలో కూడా ఒక సందు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యాన్ని నిర్వచిస్తూ, బుద్ధిమాంద్యం దాని కిందికి రాదన్నది. అది సరైన మాటే. వైకల్యం జబ్బు కాదు. వైకల్యం ఉన్నవాడికి జబ్బు రాదని మాత్రం ఆ చట్టం ఎక్కడా అనలేదు. అయినా ఆస్పత్రిలో "ఇది మా కేసు కాదు, స్పెషల్ స్కూల్లో చూపించండి" అంటారు, స్కూల్లో "ఇది డాక్టర్లు చూడాలి" అంటారు. సదరం క్యాంపులో ఇచ్చిన వైకల్యం పర్సంటేజీ కాగితం పట్టుకుని తల్లి ఆ రెంటి మధ్యా తిరుగుతుంది. పెన్షన్‌కి ఆ కాగితం చాలు. కొడుకు రాత్రిళ్ళు ఎందుకు ఏడుస్తున్నాడో ఆ కాగితం చెప్పదు.

చికిత్సల చరిత్ర పొడుగ్గా చెప్పను. 1960, 70ల నించి వీళ్ళకి అందింది ఎక్కువగా ప్రవర్తన సవరణ. మంచి పని చేస్తే మెచ్చుకోలు, చెడ్డ పని చేస్తే పట్టించుకోకపోవడం. ఎంతోమందికి అన్నం తినడం, బట్టలు కట్టుకోవడం, బస్సెక్కడం నేర్పిన పద్ధతి అది, నాకు గౌరవమే. అయితే అది చేతుల్నే చూసింది, మనసుని అడగలేదు. తర్వాత కాగ్నిటివ్ థెరపీ వచ్చింది. జరిగిన సంగతి, దాని గురించిన ఆలోచన, అందువల్ల కలిగిన భావం, ఈ మూడింటినీ విడదీసి చూడగలగాలి. ఆపైన ఆలోచనలో నిజమెంతో తూచాలి. మేధో వైకల్యం స్వల్పంగా ఉన్నవాళ్ళలో కొందరు ఇది చెయ్యగలరు. అందుకే బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు, తగిన మార్పులతో వాళ్ళ డిప్రెషన్‌కి దాన్ని సూచించాయి.

కానీ నన్ను ఎప్పుడూ ఆపేది ఇంకొకటి. "నన్నందరూ మొద్దు అంటారు మేడమ్" అని ఒక కుర్రాడు చెప్పాడనుకోండి. కాగ్నిటివ్ థెరపిస్టు అడగవలసిన ప్రశ్న, "దానికి నీ దగ్గర సాక్ష్యం ఏముంది?" అని. వాడి దగ్గర కావలసినంత సాక్ష్యం ఉంది. చిన్నప్పటి నించీ అన్నారు. పెదనాన్న అన్నాడు, కిరాణా కొట్టువాడు అన్నాడు, ఆటలో చేర్చుకోని పిల్లలు అన్నారు. అది వాడి ఊహ కాదు, వాడి జీవితం. దాన్ని తప్పని రుజువు చెయ్యబోవడం వాడిని ఇంకోసారి నమ్మకపోవడమే అవుతుంది.

అంగీకార చికిత్సలు నన్ను ఆకర్షించింది ఇక్కడే. స్టీవెన్ హేస్, కిర్క్ స్ట్రోసల్, కెల్లీ విల్సన్ 1999లో పుస్తకంగా తెచ్చిన యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ, దాన్ని యాక్ట్ అని పిలుస్తారు, ఆ ఆలోచనతో వాదానికి దిగదు. బాధ పెట్టే ఆలోచన వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. దాన్ని తరిమేయడానికే బతుకంతా ఖర్చు పెట్టకుండా, అది పక్కనుండగానే నీకు ముఖ్యమైన పని చేసుకో అంటుంది. మార్షా లినెహాన్ 1993లో వివరించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ, ఇంకో దారిలో అక్కడికే వచ్చింది. మారు, మారు అని పోరుతూ ఉంటే రోగికి తన బాధని ఎవరూ లెక్క చెయ్యలేదనిపిస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు గుర్తించడం, మార్పు కోసం పనిచెయ్యడం రెండూ కలిసి నడవాలని ఆవిడ చెప్పారు. 2011లో ఆవిడ తన చిన్న వయసులో తాను కూడా అలాంటి రోగిగా ఆస్పత్రిలో గడిపానని బహిరంగంగా చెప్పారు. ఆ మాట తెలిశాక ఆవిడ పద్ధతిని చదివే తీరు నాకు మారింది.

చిక్కేమిటంటే యాక్ట్ నిండా మాటలే, ఉపమానాలే. చదరంగం బల్ల, ఊబి, బస్సులో ప్రయాణికులు. ఒక సంగతి చెప్పి ఇంకో సంగతి గ్రహించమంటే, సరిగ్గా అక్కడే మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి కష్టం. కాబట్టి ఉపమానాన్ని చెప్పడం మానేసి ఆడించాలి. బస్సు ఆట మన దగ్గర బాగా కుదురుతుంది, ఆర్టీసీ బస్సు తెలియనివాళ్ళు లేరు కదా. కుర్చీలు రెండు వరసలు వేస్తాం. ముందు కుర్చీలో డ్రైవరు, చేతిలో స్టీలు పళ్ళెం, అదే స్టీరింగు. ఎదురుగా గోడకి తను వెళ్ళాలనుకునే చోటు బొమ్మ అంటిస్తాం; వంటిల్లు కావచ్చు, చెల్లెలి ఇల్లు కావచ్చు. వెనక కూర్చున్నవాళ్ళు ప్రయాణికులు. "నీకు రాదు", "అందరూ నవ్వుతారు", "దిగిపో" అని అరుస్తారు. ఏ మాట అరవాలో డ్రైవరే ముందుగా చెప్పాలి, ఎందుకంటే అవి అతని మనసులో మాటలు. మొదటిసారి చాలామంది పళ్ళెం కింద పడేసి వెనక్కి తిరిగి తిట్లు మొదలుపెడతారు. బస్సు ఆగిపోయిందని వాళ్ళకే కనిపిస్తుంది. రెండోసారికో మూడోసారికో, అరుపులు అరుపుల్లాగే ఉండగా, పళ్ళెం తిప్పుతూ గోడదాకా వెళ్తారు. యాక్ట్ పుస్తకంలో పేజీలకొద్దీ ఉన్నది వాళ్ళ కాళ్ళు చేతులకి అలా తెలుస్తుంది. ఫ్రెడ్డీ జాక్సన్ బ్రౌన్, నిక్ హూపర్ అనే బ్రిటిష్ పరిశోధకులు 2009లో ఆందోళన పడే 18 ఏళ్ళ అమ్మాయితో ఈ పద్ధతిని వాడిన వివరాలు రాసినప్పుడు, మాట మీద ఆధారం తగ్గించి అనుభవం మీద నడిపిస్తే ఈ చికిత్స వీళ్ళకీ అందుతుందని చూపించారు.

ఇప్పుడు అరికాళ్ళ సాధన గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. నిర్భయ్ ఎన్. సింగ్, ఆయన సహచరులు అమెరికాలో 2003లో దాన్ని ప్రచురించారు. 27 ఏళ్ళ యువకుడు, స్వల్ప మేధో వైకల్యంతో పాటు మానసిక అనారోగ్యం. కొట్టడం, తిట్టడం వల్ల బయట ఎక్కడ ఉంచినా నిలవలేక మళ్ళీ మళ్ళీ ఆస్పత్రిలో చేరేవాడు. అతనికి వాళ్ళు నేర్పింది ఒకటే. కోపం వచ్చినప్పుడు ధ్యాసని తెచ్చి అరికాళ్ళలో పెట్టడం. రోజుకి రెండుసార్లు, అరగంట చొప్పున, 5 రోజులు నేర్పించి, ఇంకో వారం తనంతట తను సాధన చేయించారు. ఆస్పత్రి నించి బయటికి పంపాలంటే 6 నెలలపాటు ఎవరిమీదా చెయ్యి చేసుకోకుండా ఉండాలన్నది షరతు. అతను నెగ్గాడు. బయటికి వెళ్ళిన తర్వాత ఏడాదిపాటు గమనించినా దౌర్జన్యం కనిపించలేదు.

ఇంత చిన్న విషయం ఎందుకు పనిచేస్తుంది? కోపంలో ఉన్నవాడికి "కోప్పడకు" అంటే చెయ్యడానికేమీ లేదు. అరికాలు మీద ధ్యాస పెట్టమంటే చెయ్యడానికి ఒక పని దొరికింది. ఆ పనికి చదువు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, పక్కవాడికి తెలియనైనా తెలియదు. కోపాన్ని లేదనమని, దాచుకోమని అనడం లేదు. అది ఒంట్లో ఉండగానే ధ్యాస ఎక్కడ పెట్టాలో వాడి చేతిలో ఉంచుతోంది. పైగా ఇది కోపంలో నేర్చుకునేది కాదు. ముందు మామూలుగా ఉన్నప్పుడు పాదాల్ని తెలుసుకోవాలి. తర్వాత కోపం తెప్పించిన ఒక సంఘటనని కావాలనే గుర్తు చేసుకుని, ఆ మంట ఒంట్లోకి రానిచ్చి, అక్కణ్ణించి ధ్యాసని కిందికి దింపాలి.

సింగ్ గారి పద్ధతిలో బూటు లోపల వేళ్ళు కదలడం, మేజోళ్ళ స్పర్శ, మడమ బూటుకి ఆనడం ఉంటాయి. మన దగ్గర చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. కాబట్టి ఆ సూచనల్ని యథాతథంగా చదివి వినిపిస్తే, ఎదురుగా ఉన్న కుర్రాడు లేని బూటు కోసం కాళ్ళకేసి చూసుకుంటాడు. ఉత్తకాళ్ళతో నేర్పించడం నిజానికి ఇంకా తేలిక. గచ్చు చల్లదనం, చాప గీతలు, వాకిట్లో ఇసక. పొద్దున్న గచ్చు మీద, మధ్యాహ్నం చాప మీద నిలబెట్టి "ఏది చల్లగా ఉంది? ఏది గరుగ్గా ఉంది?" అని అడిగితే చాలు, పాఠం మొదలైపోయినట్టే. మెట్టెలు పెట్టుకున్నవాళ్ళయితే వేలికి మెట్టె తగలడాన్ని పట్టుకుంటారు. నేను చూసిన ఒకతను పేపరు ప్లేట్ల యూనిట్‌లో పనిచేసేవాడు. మిషను దగ్గర ఎవరైనా తొందరపెడితే చేతిలో ఉన్నది విసిరేసేవాడు. అతను కూర్చునేచోట కాళ్ళ కింద కొబ్బరిపీచు పట్టా వేశాం. ఆ గరుకు తగలగానే ధ్యాస అక్కడికి వెళ్ళేది. కొన్ని వారాలకి పట్టా తీసేసినా కాలి బొటనవేలు నేలకి రాసుకుంటూ నిలదొక్కుకునేవాడు. సూపర్‌వైజరు అది చూసి "కాళ్ళు ఊపకు" అని గదమాయించాడు. ఆ రోజు మేం పాఠం చెప్పవలసి వచ్చింది ఆ సూపర్‌వైజరుకే.

డీబీటీని మలచినవాళ్ళలో జూలీ బ్రౌన్ ముఖ్యులు. లినెహాన్ నేర్పే నైపుణ్యాలు చాలా ఎక్కువ, పేర్లు కూడా గుర్తుండవు. అందుకని అమెరికాలో ఆవిడ వాటిని 9 నైపుణ్యాలుగా కుదించి, ఒక్కోదానికి అంకె, బొమ్మ పెట్టి ఒక వరస ఏర్పరిచారు. భావం ఎంత ఎక్కువగా ఉందో 0 నించి 5 దాకా కొలుచుకోవడం అందులో మొదటి మెట్టు. 3 లోపల ఉంటే 9 నైపుణ్యాల్లో దేన్నైనా వాడుకోవచ్చు. 3 దాటితే మొదటి 5 మాత్రమే. అంటే ఊపిరి గమనించుకోవడం, ఈ పని మేలు చేస్తుందా చేటు చేస్తుందా అని బొటనవేలు పైకో కిందికో చూపించుకోవడం, అక్కణ్ణించి పక్కకి తప్పుకోవడం లాంటివి. సమస్యని పరిష్కరించుకోవడం, మనసులో మాట చెప్పుకోవడం, అడగవలసింది అడగడం, ఇవన్నీ 3కి దిగిన తర్వాతే. నా అనుభవంలో ఈ నియమం ఇంట్లో పెద్దవాళ్ళకి ఎక్కువ మేలు చేస్తుంది. కొడుకు 5లో ఉన్నప్పుడే కదా మనం "ఎందుకు చేశావో చెప్పు" అని నిలదీస్తాం! అంకెలు రానివాళ్ళకి మేం చేతివేళ్ళు వాడతాం. పిడికిలి బిగిస్తే సున్నా, అన్నీ విప్పితే అయిదు. మాట రాని అమ్మాయి కూడా భోజనాల దగ్గర నాలుగు వేళ్ళు చూపించి లేచి బయటికి వెళ్ళగలుగుతుంది. వాళ్ళమ్మ అది చూసి వెంటపడకుండా ఆగగలిగితే సగం పని అయినట్టే.

ఇంతవరకూ చెప్పినవి మెలకువలు. వీటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఒకటుంది, ఇవాళ ఇక్కడికి వచ్చింది అది చెప్పడానికే.

1981లో కెరోల్ సిగెల్‌మన్, ఆవిడ సహచరులు మేధో వైకల్యం ఉన్నవాళ్ళని ప్రశ్నలడిగి, అవునా కాదా అన్న ప్రశ్నకి వాళ్ళు అవును అనడం వైపే మొగ్గుతారని, ఒకదానికొకటి పొసగని ప్రశ్నలకి కూడా అవుననే అంటారని చూపించారు. ఎందుకంటారో ఊహించడం కష్టం కాదు. కాదన్నప్పుడు ఎదుటివాళ్ళ మొహం మారడం వాళ్ళు పుట్టినప్పటి నించీ చూస్తున్నారు. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఏ చొక్కా వేసుకోవాలో ఇంకొకరే చెప్పిన బతుకులో సరే అనడం ఒక్కటే రక్షణ. బతుకంతా సరే అంటూ వచ్చిన మనిషి దగ్గరికి మనం అంగీకార చికిత్స పట్టుకెళ్తున్నాం! జాగ్రత్త లేకపోతే అది ఇంకో సరే అయి కూర్చుంటుంది.

నిర్వాహకులకి ఇది ఎంత సదుపాయమో ఆలోచించండి. హాస్టల్లో పక్కవాడు రోజూ కొడుతున్నాడు. ఇతనికి అరికాళ్ళ సాధన నేర్పితే గొడవ చెయ్యడు. గదిలో పెట్టి తాళం వేస్తున్నారు. ఊపిరి గమనించుకోమంటే సరిపోతుంది. ఇలా వాడితే ఈ చికిత్సలకన్నా మత్తుమందులే నయం, వాటికి కనీసం చీటీ రాయాలి. హేస్ గారి పుస్తకంలో గానీ, లినెహాన్ గారి పుస్తకంలో గానీ అంగీకారం అన్నది మన లోపల కలిగే బాధకి సంబంధించినది. బయటి దుర్మార్గాన్ని ఓర్చుకోమని వాళ్ళు చెప్పలేదు. మామూలు క్లయింటు ఆ తేడా తనంతట తను చూసుకుంటాడు, ఉద్యోగం మానేస్తాడు, ఇల్లు మారతాడు. మన వాళ్ళు మారలేరు. కనక వాళ్ళ తరఫున ఆ తేడా చూడవలసిన బాధ్యత చికిత్స చేసేవాళ్ళది. ఒంట్లో నొప్పి సంగతి కూడా ఇంతే. పన్ను పోటు, చెవిపోటు, మలబద్ధకం, మూర్ఛ మందుల వల్ల వచ్చే మగత, ఇవన్నీ చూడకుండా కోపానికి చికిత్స మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోను. పన్ను పీకితే తగ్గిపోయే కోపాలు ఉంటాయి.

కాబట్టి నా దృష్టిలో వీళ్ళకి అంగీకార చికిత్స మొదటి పాఠం 'వద్దు' అనడం. కుర్చీలో కూర్చోగానే రెండు బొమ్మలు ఇస్తాం: ఒకటి అరచెయ్యి అడ్డంగా పెట్టింది, ఒకటి తలూపేది. మొదటి రోజుల్లో కావాలనే వాళ్ళకి నచ్చనివి అడుగుతాం. కాకరకాయ రసం తాగుతావా? ఈ తడి తువ్వాలు ఒళ్ళో పెట్టనా? అరచెయ్యి బొమ్మ పైకెత్తగానే ఆపేస్తాం. ఆపినప్పుడు కొందరి మొహంలో ఆశ్చర్యం కనిపిస్తుంది, ఇంత సులువా అన్నట్టు. వద్దన్నా ఏ ముప్పూ రాదని నాలుగైదు వారాలు రుజువయ్యాకే వాళ్ళ సరేకి విలువ వస్తుంది. చికిత్సకి వాళ్ళ సమ్మతి అడగవలసింది అప్పుడు.

యాక్ట్‌లో రెండో సగం విలువలు. నీకు ఏది ముఖ్యమో దాని వైపు అడుగు వెయ్యి అంటారు. ఎవరికి ముఖ్యమైనది? "వాడికి అలాంటివి ఇష్టముండదండీ, టీవీ ఉంటే చాలు" అని ఇంట్లోవాళ్ళు చెప్పేస్తారు. స్కాట్లండ్‌లో తయారైన టాకింగ్ మ్యాట్స్ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒక చిన్న పట్టా మీద మూడు భాగాలు: ఇష్టం, ఏమో, ఇష్టం లేదు. బొమ్మ ఒక్కొక్కటీ ఇస్తే వాళ్ళే ఏ భాగంలో పెట్టాలో పెడతారు. ఒక అమ్మాయికి, ఇరవైల్లో ఉంటుంది, వాళ్ళ ఊళ్ళో తీసిన ఫోటోలే ఇచ్చాం. గుడి, పొలం, టీవీ, వంటిల్లు, పెళ్ళి. పెళ్ళి ఫోటో తీసి ఇష్టంలో పెట్టింది. వాళ్ళమ్మ దాన్ని గబుక్కున తీసి ఒళ్ళో బోర్లించుకుంది. ఆ పిల్ల ఏమీ అనలేదు, మిగతా ఫోటోలన్నీ వరసగా ఏమోలో పెట్టేసింది.

ఆ తల్లి భయం నాకు అర్థమవుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇల్లు, కుటుంబం, సంతానం విషయాల్లో వీళ్ళ హక్కుల్ని గుర్తించింది. చట్టం గుర్తించినంత మాత్రాన ఆ తల్లికి రాత్రి నిద్ర పట్టదు. కానీ ఆ ఫోటోని దాచేస్తే ఆ అమ్మాయికి ఏది ముఖ్యమో మనకి తెలిసే దారి మూసుకుపోతుంది. మళ్ళీ అడిగాం, పెళ్ళిలో ఏముంటాయో విడివిడిగా ఫోటోలు తెచ్చి. పట్టుచీర ఇష్టం. జడగంటలు ఇష్టం. పందిట్లో వచ్చినవాళ్ళకి పన్నీరు చల్లి గంధం రాయడం, దాన్ని రెండుసార్లు ముద్దుపెట్టుకుని ఇష్టంలో పెట్టింది. పక్క ఇళ్ళ అమ్మాయిలందరూ చేసే ఆ పని ఆమెకి ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. పెళ్ళిళ్ళప్పుడు ఆమెని లోపలి గదిలో కూర్చోబెట్టేవారు. తర్వాత చుట్టాల పెళ్ళిలో పన్నీరు బుడ్డి ఆమె చేతికిచ్చారు. జనం చూస్తున్నారన్న భయం వచ్చింది, నాలుగు వేళ్ళు చూపించింది, గోడ పక్కన కాసేపు నిలబడి పాదాల మీద ధ్యాస పెట్టుకుంది, మళ్ళీ వచ్చి చల్లింది. భయం పోలేదు, బుడ్డీ వదల్లేదు. యాక్ట్ చెప్పేది ఇదే. ఆమె పెళ్ళి కోరిక దీనితో తీరిపోయిందని నేను అనడం లేదు. ఆ మాట ఇంకా ఆ ఇంట్లో జరగవలసే ఉంది.

ఇక్కడ అసలు అంగీకరించవలసి వచ్చింది ఎవరు? ఆ తల్లి. చుట్టాలు ఏమనుకుంటారోనన్న జంకుని ఆవిడ భరించవలసి వచ్చింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి ఈ చికిత్సల్ని మలచడంలో పెద్ద మార్పు ఇదే అని నా నమ్మకం: అంగీకారం ముందు చుట్టూ ఉన్నవాళ్ళ వంతు. దీనికి ఆధారాలున్నాయి. సింగ్ గారి బృందం 2006లో ఆటిజం ఉన్న పిల్లల తల్లులు ముగ్గురికి 12 వారాలపాటు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యాస, నేర్పింది. పిల్లల్ని ఏమీ చెయ్యలేదు. అయినా పిల్లల్లో కొట్టడం, మొండికెయ్యడం, తమని తాము గాయపరచుకోవడం తగ్గాయి. అదే ఏడాది బ్లాక్‌లెడ్జ్, హేస్ కలిసి ఆటిజం పిల్లల తల్లిదండ్రులు 20 మందికి 14 గంటల యాక్ట్ శిక్షణ ఇచ్చి, వాళ్ళ దిగులు తగ్గడం నమోదు చేశారు.

మన తల్లిదండ్రుల్ని తినేసే ప్రశ్న ఒకటుంది: "మేం పోయాక వీడి గతేమిటి?" దీనికి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించుకోవడం, నిరామయ బీమా లాంటి కాగితాలు కొన్ని ఉన్నాయి, అవి చేయించుకోవాలి. కాగితాలన్నీ అయ్యాక కూడా ఆ భయం మిగులుతుంది. ఆ భయం చూడలేకే కొడుకుని బయటికి పంపరు, గ్యాసు ముట్టుకోనివ్వరు, ఒంటరిగా బస్సెక్కనివ్వరు. భయాన్ని తప్పించుకోవడం కోసం కొడుకు బతుకుని చిన్నది చేస్తారు. రేపు తాము లేనప్పుడు వాడికి అక్కరకొచ్చే పనులే ఇవాళ నేర్పకుండా ఆపేస్తారు. ఈ ముడి విప్పడానికి యాక్ట్ కన్నా మెరుగైన పరికరం నాకు దొరకలేదు.

పరిశోధన గురించి ఒక మాట. ఈ రంగంలో ఎక్కువ భాగం ఒకరిద్దరి మీదో, చిన్న బృందాల మీదో జరిగిన అధ్యయనాలు. దగ్గరి చుట్టమైన బిహేవియరల్ యాక్టివేషన్ మీద మాత్రం ఆండ్రూ జహోదా బృందం డిప్రెషన్ ఉన్న 161 మందితో పెద్ద ప్రయోగం చేసి 2017లో ప్రచురించింది. ఒక గుంపుకి ఇష్టమైన పనుల్లోకి మళ్ళీ దించే చికిత్స. రెండో గుంపుకి బొమ్మలున్న చిన్న పుస్తకాలతో స్వయంసహాయం. రెండు గుంపులూ మెరుగయ్యాయి, రెంటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొందరు దీన్ని వైఫల్యంగా చూశారు. నేనలా చూడను. రెండింటిలోనూ ఒక మనిషి పనిగట్టుకుని వచ్చి వీళ్ళ ఎదురుగా కూర్చున్నాడు, వీళ్ళని తెలిసిన ఇంకో మనిషి పక్కన సాయం ఉన్నాడు, చేతిలో అర్థమయ్యే సామగ్రి ఉంది. బెండర్ చెప్పిన ఆ కుర్చీ రెండు గుంపులకీ వేశారు.

సామగ్రి దగ్గరికే వస్తాను, ఎందుకంటే మనం వెంటనే చెయ్యగలిగింది అదే. షీలా హాలిన్స్ 1989 నించి అక్షరం లేని బొమ్మల పుస్తకాలు తెస్తున్నారు. మొదటివాటిలో ఒకటి తండ్రి మరణం గురించినదే. అందులో అంత్యక్రియలు ఇంగ్లీషువాళ్ళవి. మన పిల్లవాడికి ఆ నల్లకోట్లు ఏం చెబుతాయి? పాడె, గుమ్మం ముందు నిప్పుకుండ, దినాల భోజనం, ఖాళీగా ఉన్న నాన్న మంచం, మన ఇళ్ళలో కనిపించేవే గియ్యాలి. ముస్లింల ఇంటికి జనాజా, క్రైస్తవుల ఇంటికి సమాధి తోట వేరే గియ్యాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మొదలైన జాతీయ సంస్థ, తల్లిదండ్రులు ఇప్పటికీ ఎన్.ఐ.ఎం.హెచ్. అనే పిలిచేది, మన మధ్యే ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. బొమ్మలు తయారైతే చేరవలసిన చోటికి చేర్చే దారి ఉంది.

టీచరుగారి పేరున కుటుంబ సభ్యులు ఏర్పాటు చేసిన ఈ నిధి మీద వచ్చే వడ్డీతో ఈ ఏడాది మూడు బొమ్మల పుస్తకాలు వెయ్యమని ధర్మకర్తల్ని కోరుతున్నాను. నాన్న చనిపోవడం ఒకటి, కోపం వచ్చినప్పుడు పాదాలు ఒకటి, 'వద్దు' అనడం ఒకటి. గీసిన ప్రతి బొమ్మనీ ముందు వరసల్లో కూర్చున్న ఈ వృత్తి శిక్షణ కేంద్రం మిత్రులకి చూపించాలి. ఇది ఎవరు, ఏం చేస్తున్నారు, ఎలా ఉంది అని వాళ్ళని అడగాలి. వాళ్ళు తప్పు చెప్పారంటే బొమ్మ మార్చాలి. ఆ పనికి కూర్చున్న ప్రతి పూటకీ చిత్రకారుడికిచ్చినట్టే వాళ్ళకి కూడా కూలి కట్టి చేతికివ్వాలి, పుస్తకం మీద వాళ్ళ పేర్లు వెయ్యాలి, పేరు వెయ్యొద్దని ఎవరైనా అంటే వెయ్యకూడదు.